ఆరో అర్థం

ఎడమ చేతి మీద పది ఫారాలు చేరేసరికి గానుగమ్మ బల్ల మూల తిరిగి కిటికీ వైపుకు వచ్చింది. రబ్బరు తొడుగు వేసుకున్న చూపుడు వేలిని దొంతర మీద ఆనించి కొద్దిగా వెనక్కి లాగింది. పై ఫారం అంచు లేచింది. బొటనవేలు దాని కిందికి దూరింది. పదకొండోది కూడా వచ్చి చేతి మీద చేరింది. అప్పటికే ఆమె కాలు పన్నెండో దొంతర వైపు పడింది. కన్ను మాత్రం పదకొండో దొంతర ఎత్తును ఒకసారి కొలిచి, ఆ తర్వాతే కాలి వెంట వెళ్లింది.

పొడవాటి పాత బల్ల అది. దాని చుట్టూ పదహారు దొంతరలు పేర్చి ఉంటాయి. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చువేసి, మడత మీద మడత పెడితే ఒక ఫారం అవుతుంది. ఒక్కో దొంతరలో ఒక్కో ఫారం. వాటిని వరసగా ఒక్కొక్కటి ఏరుకుంటూ బల్ల చుట్టూ ఒక ప్రదక్షిణం చేస్తే ఒక పుస్తకం. ఆ కట్టను చివర ఉన్న చెక్క మీద పెట్టి, మళ్లీ మొదటి దొంతర దగ్గరికి రావాలి. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా అదే పని. బల్ల నాలుగు మూలలూ ఆమె నడుము రాసుకుని నున్నబడ్డాయి. చుట్టూ ఉన్న గచ్చు మీద ఆమె అడుగులు పడే బాట మిగతా నేలకన్నా తెల్లగా ఉంటుంది.

ఈ పనిని ఆఫీసు కాగితాల్లో గేదరింగు అని రాస్తారు. చేరిన కొత్తలో ఆమె అది గేదెల కొట్టంలో పని కాబోలనుకుని, నాకు పాలు పితకడం రాదండీ అని మేస్త్రితో అంది. ఆ మాట చెప్పుకుని బైండింగు షెడ్డు చాలా ఏళ్లు నవ్వింది. షెడ్డులో వాళ్లు మాత్రం ఏరుడు అంటారు. గానుగమ్మ అన్నది కూడా ఆమె పేరు కాదు. ఆ పేరు పెట్టింది మేడ మీద ప్రూఫులు దిద్దే ఆయన. ఒకనాడు ఏదో ఫారం చూసుకోవడానికి కిందికి దిగి, బల్ల చుట్టూ తిరుగుతున్న పిల్లను చూసి కాసేపు నిలబడిపోయాడు.

"గానుగెద్దయినా మధ్యలో ఓసారి ఆగి తల ఊపుతుందమ్మా. నువ్వు అది కూడా లేదు," అన్నాడు.

"నేనాగితే మీ పుస్తకం ఆగిపోద్ది," అంది ఆమె, తిరుగుతూనే.

పేరు ఊరికే పోలేదు. మరుసటి ఏడాదికి పేరు పెట్టినవాడే మొగుడయ్యాడు.

ఆ మొగుడు ఇప్పుడు మంచంలో ఉన్నాడు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఆసుపత్రివాళ్లు చేయగలిగింది చేసి, ఇక ఇంట్లోనే ఉంచుకోండమ్మా అని పంపేశారు. అలా అన్నారంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పలేదు. చెప్పాల్సిన పని కూడా లేకపోయింది. పొద్దున పనికి వచ్చేటప్పుడు పక్కింటామెను కాస్త చూస్తూ ఉండమని చెప్పి వస్తుంది. సాయంత్రం సందు మలుపు తిరిగేదాకా గుండె గుప్పిట్లో పెట్టుకుని నడుస్తుంది. పని మానేద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గోడలు చూసుకుంటామా అన్నాడు.

కానీ ఈ రోజు ఆమె గుండె గుప్పిట్లో లేదు, పదకొండో దొంతర మీద ఉంది. బడిపిల్లల ఇంగ్లీషు నిఘంటువు మళ్లీ అచ్చుకు వచ్చింది. ముందు ఆరు ఫారాలు వ్యాకరణం, ఆ తర్వాతే మాటలు. ఎన్నో ఏళ్ల కింద ఒకసారి ఇక్కడే అచ్చయింది. ఆ తర్వాత ఆ ఆర్డరు వేరే ప్రెస్సులకు పోయింది. ఇన్నాళ్లకు, అవే పేజీలతో, అదే వరసతో, తిరిగి ఈ బల్ల మీదికే చేరింది. ఆ పుస్తకంలో పదకొండో ఫారం ఒక్కటి, మడత వంకరదైనా, సిరా అంటినదైనా, ఆమెకు కావాలి.

దాని వెనక కథ పెళ్లయిన కొత్తల్లోది. పాడైన ఫారాలను, ఆర్డరు ముగిశాక మిగిలిన ఫారాలను వేస్టు అని ఒక మూల పోస్తారు. అలమరల్లో పరుచుకోవడానికి, పొయ్యి రాజేసుకోవడానికి పనివాళ్లు కావలసినన్ని పట్టుకుపోవచ్చు. ఆమె పట్టుకెళ్లినవి మాత్రం పొయ్యిలోకి పోలేదు. ఆయన చెంచా కాడతో మడతలు కోసి, రోజూ భోజనాలయ్యాక ఆమెకు చదివి వినిపించేవాడు. ఆమె చదువు గుణింతాల దగ్గర ఆగిపోయింది. దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటుంది, అంతే. ఇంగ్లీషు నేర్పబోతే రోజంతా నడిచిన ఒళ్లు మూడో అక్షరానికల్లా కునుకు తీసేది. చదవడం మీ వంతు, ఏరడం నా వంతు అనేసింది.

వేస్టులో పుస్తకం మొత్తం దొరకదు. వాళ్లింటికి వచ్చినవన్నీ తల లేనివో, నడుము లేనివో, కాళ్లు లేనివో. లేని ముక్కను ఆయన కల్పించేవాడు. ఒక అపరాధ పరిశోధన కథకు చివరి ఫారం దొరకలేదు. ఆయన ఒక ఏడు వంటవాడే హంతకుడన్నాడు, ఇంకో ఏడు డాక్టరన్నాడు. చివరికి, చచ్చినవాడికే బుద్ధి లేదు, ఆ వేళప్పుడు అక్కడికెందుకు వెళ్లాలి అని కేసు కొట్టేశాడు. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. అలా సగం సగం పుస్తకాలతో వాళ్ల కాపురం నిండుగానే సాగింది.

నిఘంటువు పదో ఫారం ఇంటికి వచ్చినప్పుడు ఆమె కడుపుతో ఉంది. ఆయన పేజీలు తిప్పుతూ చివరి పేజీలో ఆగి, ఇదిగో నీ ఉద్యోగం ఇందులో పడింది అన్నాడు. ఆమె నమ్మలేదు.

"నిజమే. గేదరు అనే మాటకి ఎన్ని అర్థాలున్నాయో చూడు. ఒకటి, చెల్లాచెదురుగా ఉన్నవాటిని ఒకచోటికి చేర్చడం. రెండు, మనుషులు ఒకచోట గుమికూడటం. మూడు, పూలూ పళ్లూ కోసి తేవడం. నాలుగు, గుడ్డకి దారం లాగి కుచ్చులు పెట్టడం. అయిదు, ఎవరూ చెప్పకుండానే సంగతి తెలుసుకోవడం."

"ఇందులో నా పనేది?"

"ఆరోదై ఉంటుంది."

"ఉంటుందేంటి? చదవండి మరి."

ఆయన ఫారాన్ని దీపం దగ్గర పెట్టి చూపించాడు. పేజీ అడుగున ఆరు అంకె ఉంది. దాని పక్కన ఏమీ లేదు. మాట తర్వాతి పేజీలోకి పోయింది, ఆ పేజీ పదకొండో ఫారంలోకి పోయింది.

"ఈ ప్రూఫు నా చేతికొచ్చి ఉంటే ఆ అంకెను అలా అనాథలా వదిలేవాణ్ణి కాదు," అని విసుక్కున్నాడు. "పోనీలే, పదకొండో ఫారం పట్టుకురా. నీ పని అచ్చులో ఉందో లేదో తేలుద్దాం."

వేస్టు మూలలో ఆమె ఎంత వెతికినా పదకొండోది కనబడలేదు. మేడ మీద ఇంకో నిఘంటువు ఉంది కదా, అందులో చూసి రాకూడదా అంటే ఆయన తల అడ్డంగా ఊపాడు. ఏ పుస్తకం మొదలుపెట్టిన మాట ఆ పుస్తకమే ముగించాలట. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. పైగా అర్థం దొరక్కపోవడం ఆయనకు ఆటగా మారింది. కూతురు పుట్టిన రోజున పిల్లను ఒళ్లో పెట్టుకుని, ఆరోది తెలిసిందోయ్, తొమ్మిది నెలలు పోగుచేసి ఒక్కసారిగా చేతిలో పెట్టడం అన్నాడు. అద్దెగది కప్పు కురిసిన ఏడు, ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ వాననీళ్ల కింద పేర్చడం అన్నాడు. కూతురు చదువుకోసం హాస్టలుకు వెళ్లిన మర్నాడు గది ఊడుస్తున్న ఆమె చేతిలో రెండు పిన్నులు, ఒక రిబ్బను ముక్క చూసి, అదే, ఇప్పుడు నువ్వు చేస్తున్నదే ఆరోది అన్నాడు. ఆ రోజు ఇద్దరూ నవ్వలేదు.

మంచం పట్టాక ఆయన ఆరోదాని ఊసెత్తలేదు. కథలు చదవడం కూడా మానేశాడు. ఆయాసం అన్నాడు, వెలుతురు చాలదన్నాడు. నిఘంటువు మళ్లీ వచ్చిందని మొన్న ఆమె చెప్పినప్పుడు మాత్రం దిండు మీద నుంచి తల ఎత్తాడు. పదకొండోది తీసుకొస్తావా అన్నాడు. ఎన్నాళ్లకో ఆయన ఒకటి కావాలని అడిగాడు.

ఈ పొద్దున ఆమె కిటికీ తలుపులు తీసి, జావ గిన్నె పక్కన పెట్టి, బయలుదేరబోతుంటే, "ఇంకా తెల్లారలేదా?" అన్నాడు. ఎండ అప్పటికే ఆయన పాదాల మీద పడుతోంది. నిద్రమత్తులో అంటున్నాడనుకుంది.

"బారెడు పొద్దెక్కింది. ఇవాళ ఆఖరి లాటు. దొరికితే సాయంత్రానికి తెస్తాను."

"దొరికితేనే తీసుకురా. తొందరేముంది."

తొందర ఉందని ఇద్దరికీ తెలుసు. ఆమె చెప్పులు వేసుకుని వచ్చేసింది.

మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకు పదకొండో దొంతర తరిగిపోతూ ఉంది. ఈ ఆర్డరుకు కాగితం కొలిచి ఇచ్చారు. ఏ దొంతర ముందు అయిపోతే అక్కడితో పుస్తకాలు ఆగిపోతాయి, మిగతా దొంతరల్లో మిగిలినవి వేస్టు. అంటే పదకొండోది అన్నిటికన్నా ముందు అయిపోకూడదు. చివరి చుట్టు తర్వాత ఒక్కటి మిగిలితే చాలు. ఆమె అన్నం కలుపుతూ బల్ల వైపే చూస్తోంది. తొమ్మిదోది ఎత్తుగా ఉంది. నాలుగోది పరవాలేదు. పదకొండోది, పదమూడోది పోటీపడి కుంగుతున్నాయి.

"ఏంటొదినా, డబ్బాలో ముద్ద ముక్కులో పెట్టుకునేలా ఉన్నావు," అంది కుట్టు వదిన. ఆమె కట్టలను సూదీ దారంతో కుట్టే మనిషి. మాట పడనివ్వదు, మాట అననివ్వదు, నోట్లో నువ్వుగింజ నానదు. అయినా గానుగమ్మ ఆమెకొక్కదానికే సంగతి చెప్పుకుంది. షెడ్డులో ఒకరికి చెబితే అందరికీ చెప్పినట్టే.

మేస్త్రి కూడా విన్నాడు. పుల్లతో పళ్లు కుట్టుకుంటూ వచ్చి పదకొండో దొంతర పక్కన నిలబడ్డాడు.

"ఈ మాత్రానికి ఫారం ఎందుకమ్మా. మొదటి పేజీ పైనే ఉంటుంది కదా. నేను చదివి చెప్తాను, నువ్వు వెళ్లి ఆయనకి చెప్పు," అని పై ఫారం మీదికి వంగాడు.

"వద్దు మేస్త్రీ."

"అదేంటి? నాకొచ్చే నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో..."

"వద్దు. ఆయనే చదవాలి. నేను ఆయన నోట వినాలి."

మేస్త్రి నిటారుగా నిలబడి ఆమెను ఒకసారి చూశాడు. సరే అని తలుపు దగ్గరికి వెళ్లి పుల్ల పారేశాడు.

దొంతరలోంచి మంచి ఫారం ఒకటి తీసి చీర మడతలో పెట్టుకుంటే అడిగే దిక్కు లేదు. ఆ ఆలోచన ఆమెకు పొద్దున్నే వచ్చింది, మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, ఎక్కడో ఎవరో పిల్లో పిల్లవాడో ఆ పుస్తకం తెరిచి, ఒక మాట కోసం వెతికి, పేజీలు లేక బిత్తరపోవడం కళ్లకు కట్టింది. లేని ఫారం ఎంతకాలం వెంటాడుతుందో ఆమెకు తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది. చెయ్యి ఆ పనికి లేవలేదు.

మధ్యాహ్నం నుంచి ఆమె నడక మారింది. కాళ్లు రోజూ తిరిగే బాటలోనే తిరుగుతున్నాయి గాని, ధ్యాస ఒక్కచోటే ఉంది. మడమలు సలిపితే తెలియలేదు. దాహం వేస్తే తెలియలేదు. పదమూడోది మడత దళసరి కాబట్టి ఎత్తుగా కనిపిస్తోందా, నిజంగానే ఎక్కువుందా అని తనలో తనే తర్కించుకుంది. సాయంత్రపు ఎండ కిటికీలోంచి బల్ల మీదికి దిగేసరికి పదకొండో దొంతరలో మూడే మిగిలాయి. ఆమె ఆ మూడూ తీసుకుని మూడు పుస్తకాలు పూర్తి చేసింది. నాలుగో చుట్టులో చెయ్యి చాపితే అడుగు చెక్క తగిలింది.

మిగతా దొంతరలన్నిటిలో నాలుగేసి, ఆరేసి మిగిలాయి. పదకొండో దాంట్లో ఏమీ లేదు.

చేతి మీది పది ఫారాలు పట్టుకుని ఆమె అక్కడే నిలబడింది. అలా బల్ల దగ్గర ఆగి నిలబడడం షెడ్డులో ఎవరూ ఎన్నడూ చూడలేదు. మేస్త్రి, అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందని చెప్పింది. పది ఫారాలనూ మళ్లీ ఏ దొంతరది ఆ దొంతర మీద పెట్టేసింది. ఇంటికి వట్టి చేతులతో వెళ్లాలి. తొందరేముందిలే అంటాడాయన. ఆ మాట వినడం ఎలాగో ఆమెకు తెలియలేదు.

"వదినా, ఇలా రా," అంది కుట్టు వదిన.

ప్రతి ఫారం మడత మీద చిన్న నల్లగీత అచ్చువేసి ఉంటుంది. మొదటి ఫారానికి పైన, రెండోదానికి కాస్త కిందికి, అలా దిగుతూ పోతుంది. ఫారాలన్నీ వరసగా పేర్చి వీపు వైపు చూస్తే గీతలు మెట్లలా కనిపిస్తాయి. మెట్టు తప్పితే ఫారం తప్పినట్టు, ఒకే మెట్టు రెండుసార్లు పడితే ఫారం రెండుసార్లు పడినట్టు. కుట్టు వదిన ఒళ్లో ఉన్న కట్టలో పదకొండో మెట్టు జంటగా ఉంది.

గానుగమ్మ ముఖం తెల్లబోయింది. ఇన్నేళ్లలో ఆమె చేతిలో జంట పడిందని ఎవరూ అనలేదు. ఆ దొంతరను కన్నార్పకుండా చూసుకున్న చెయ్యే అక్కడ రెండు లాగింది.

"నేనే. నా చెయ్యే తప్పింది," అంది మెల్లగా.

కుట్టు వదిన రెండో ఫారాన్ని కట్టలోంచి బయటికి తీసింది. మేస్త్రి బల్ల అవతల నుంచి చూస్తూ, "అయితే ఇంకో పుస్తకం అవుతుంది. మిగతావి ఉన్నాయిగా, ఏరెయ్యమ్మా," అన్నాడు. మాట సరైనదే. గానుగమ్మ ఫారం కోసం చెయ్యి చాపింది. పుస్తకమే చేద్దామని చాపింది, అందులో అబద్ధం లేదు.

కుట్టు వదిన ఇవ్వలేదు. ఫారాన్ని మోకాలి మీద పెట్టుకుని, కుట్టు సూది తీసి, అడుగు అంచు దగ్గర గుచ్చి పక్కకు లాగింది. కాగితం పర్రుమని రెండంగుళాలు చిరిగింది.

"అయ్యో, సూది జారింది మేస్త్రీ," అంది, తల ఎత్తకుండా.

మేస్త్రి సూదిని చూశాడు, చిరుగును చూశాడు, గానుగమ్మను చూశాడు. ముక్కు గోక్కున్నాడు.

"ఈ మధ్య సూదులు బొత్తిగా నాసిరకం వస్తున్నాయి," అన్నాడు. "వేస్టులో వెయ్యండి."

వేస్టు మూల దాకా ఆ ఫారం వెళ్లలేదు. గానుగమ్మ దాన్ని డబ్బా మూతకూ సంచికీ మధ్య నిలువుగా పెట్టుకుంది. థాంక్సు చెప్పబోతే కుట్టు వదిన చెయ్యి విదిలించి, పోపో, ఆయన ఎదురుచూస్తుంటాడు అంది. గానుగమ్మ వేలి తొడుగు తియ్యడం కూడా మరిచిపోయి వీధిలోకి వచ్చింది.

ఇల్లు రెండు మలుపుల అవతల ఉంది. సైకిళ్లు బాగుచేసే కొట్టు, ఇస్త్రీ బల్ల, మందుల షాపు. రోజూ ఏదో ఒకచోట ఎవరో పలకరిస్తారు, ఆగి జవాబు చెబుతుంది. ఈ రోజు ఎవరు పిలిచినా చెయ్యి ఊపి సాగిపోయింది. వయసులో ఉన్నప్పుడు నడిచినట్టు నడిచింది. పక్కింటామె గుమ్మంలోనే కూర్చుని ఉంది. మధ్యాహ్నం జావ ముట్టలేదని, రెండుసార్లు మాత్రం నీ పేరు పిలిచాడని చెప్పి లేచి వెళ్లింది.

ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి చిన్నచిన్న ముక్కలుగా వస్తోంది. అడుగుల చప్పుడుకు ఇటు తిరిగాడు.

"దొరికిందా?"

"దొరకదా మరి? ఎవరనుకున్నారు."

దిండు ఎత్తు చేసి, ఆయన్ను కూర్చోబెట్టి, ఫారాన్ని చేతుల్లో పెట్టింది. ఆయన దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. సిరా ఇంకా పచ్చిగానే ఉందన్నాడు. వేళ్లతో అంచులు తడిమాడు, ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చిరుగు తగిలి ఆగాడు.

"ఇదేంటి?"

"అది పెద్ద కథ. తర్వాత చెప్తా. ముందు ఆరోది చదవండి. ఉండండి, కళ్లజోడు తెస్తాను."

కళ్లజోడు కిటికీ గూట్లో ఉంది. దాని మీద దుమ్ము పేరుకుని ఉంది. కొంగుతో తుడుస్తూ వెనక్కి తిరిగింది. ఆయన అప్పటికే ఫారాన్ని ముఖానికి ఎదురుగా పైకెత్తి పట్టుకుని, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు.

మడత కుడిచేతి వైపు ఉంది. ఎడమ వైపు ఉండాలి. పదకొండో మెట్టు ఎప్పుడూ ఫారం కింది సగంలో ఉంటుంది. అదిప్పుడు పై సగంలో ఉంది.

ఆమె కళ్లజోడు పట్టుకుని అలాగే నిలబడింది. ఎండ పాదాల మీద పడుతుంటే ఇంకా తెల్లారలేదా అన్న మాట గుర్తొచ్చింది. గ్లాసు కోసం చెయ్యి చాపి మంచం పట్టె తడమడం, వెలుతురు చాలదని పుస్తకాలు పక్కన పెట్టెయ్యడం, ఆమె గుమ్మంలో నిలబడినా మాట్లాడేదాకా ఇటు తిరగకపోవడం, ఒక్కొక్కటే వచ్చి వరసలో చేరాయి. ఎన్నాళ్లయిందో. ఆయన చెప్పలేదు. రోజూ ఎదురుగా తిరుగుతూ తను కనిపెట్టలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. దాన్ని మింగేసి కళ్లజోడును చప్పుడు కాకుండా గూట్లో పెట్టేసింది.

"ఉందా?" అంది.

"ఉంది. నేనన్నానా లేదా, నీ పనే రాశాడు."

"ఏమని?"

ఆయన ఊపిరి కూడదీసుకున్నాడు. ఒక్కో మాటకూ ఆగాడు. "ఆరు. బల్ల చుట్టూ తిరిగి తిరిగి... ఏరినవన్నీ ఒళ్లో పెట్టుకుని... కూర్చోవడం."

"కూర్చోవడమా?"

"అచ్చులో ఉన్నది ఉన్నట్టు చదివాను. ప్రూఫులు దిద్దినవాణ్ణి, నాకు తెలీదా?"

"ఇంతకాలం నుంచుని చేస్తున్నానే మరి."

"తప్పు చేస్తున్నావన్నమాట," అన్నాడు. నవ్వబోతే దగ్గు వచ్చింది. "ఇకనైనా పుస్తకంలో ఉన్నట్టు చెయ్యి."

ఆమె మంచం మీద కూర్చుంది. ఆయన చేతిలోంచి ఫారం తీసి, ఎలా పట్టుకున్నాడో అలాగే కిటికీ గూట్లో పెట్టింది. దిండు తీసేసి ఆయన తలను ఒళ్లోకి తీసుకుంది. రబ్బరు తొడుగు ఇంకా వేలికే ఉందని అప్పుడు చూసుకుంది. తీసి పక్కన పెట్టి, ఉత్త వేళ్లతో ఆయన నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి దువ్వింది.

"ఆ చిరుగు కథ చెప్తానన్నావు," అన్నాడాయన.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పదకొండోది ఎలా తరిగిపోయిందో చెప్పింది. మేస్త్రి చదివి చెప్తానంటే వద్దన్నానని చెప్పింది. తన చెయ్యి తప్పిందని చెబితే ఆయన ఊఁ అన్నాడు. కుట్టు వదిన చేసిన పని చెబితే పెదవి కొస కదిలింది. సూదులు నాసిరకం వస్తున్నాయన్న మేస్త్రి మాట దగ్గరికి వచ్చేసరికి నవ్వు వినబడలేదు. ఊఁ కూడా వినబడలేదు. కిటికీ అవతల చీకటి ముసురుకుంటోంది. ఆమె ఆపకుండా మిగతా కథ కూడా చివరిదాకా చెప్పింది. చెప్పాక దీపం వెయ్యడానికి లేవలేదు. పక్కింటామె వచ్చి వేసేదాకా అలాగే కూర్చుంది.

జనం చేరారు. షెడ్డు మొత్తం వచ్చింది. కుట్టు వదిన ఒక్క మాట కూడా మాట్లాడకుండా గోడ పక్కన కూర్చుంది. మేస్త్రి గుమ్మం బయట నిలబడి వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందించాడు. కూతురు తెల్లవారి రైలుకు వచ్చింది. జరగవలసినవి జరిగాయి. మనుషులు ఎలా వచ్చారో అలా ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

గది సర్దుతూ కూతురు కిటికీ గూటి దగ్గర ఆగింది. కళ్లజోడు, మందు సీసాలు, వేలి తొడుగు, వాటి పక్కన ఫారం. ఆ ఆరో అర్థం గొడవ వింటూ పెరిగిన పిల్ల. చూడగానే గుర్తుపట్టింది.

"అమ్మా, ఇదేనా? దొరికిందా?" అంది. "తలకిందులుగా పెట్టావే. ఉండు, చదువుతాను."

"వద్దమ్మా. అలాగే ఉండనీ."

"ఆరోది ఏంటో తెలుసుకోవా?"

"మీ నాన్న చదివేశారు," అంది గానుగమ్మ. గచ్చు మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ఆయన చొక్కాలు, తువ్వాళ్లు, పాత ఫారాల కట్ట ఒళ్లో ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.

కూతురు చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని వచ్చి తల్లి పక్కన కూర్చుంది. కిటికీ గూట్లో, కళ్లజోడు పక్కన, అంచులు కోయని ఆ ఫారం ఆయన పట్టుకున్నట్టే తలకిందులుగా ఉంది, సూది చిరుగు పైకి, పదకొండో మెట్టు పై సగంలో.